నెయ్యి ఆపిన పాట

పోయిన నెల హనుమకొండలో మా అక్క మనవరాలి పెళ్లికి వెళ్లాను. అక్క అంటే తోడబుట్టినది కాదు, మా పెద్దనాన్న కూతురు, కానీ ఒకే ఇంట్లో ఒకే పళ్లెంలో తిని పెరిగినవాళ్లం. పెద్ద ఫంక్షన్ హాలు, చల్లగా ఏసీ, ఒకవైపు బఫే, మరోవైపు గుండెలు అదిరేలా డీజే. నేను ఇంత పెరుగన్నం పెట్టుకుని కుర్చీ కోసం వెతుక్కుంటూ ఉండగా ఆ డీజే ఒక పాత పాటకు కొత్త దరువులు కలిపి మోగించి, దీన్ని రాసి పాడింది మరెవరో కాదు, మన పెళ్లికూతురి పెద్ద తాతయ్యే అని మైకులో ప్రకటించాడు. హాలంతా చప్పట్లు. ఎదురుగా సోఫాలో ఉన్న ఆ పెద్ద తాతయ్య, అంటే మా అక్క భర్తకు స్వయానా అన్న, నాకు వరసకు పెద్ద బావ, చెయ్యి పైకెత్తి ఆ చప్పట్లను ఎంచక్కా అందుకున్నాడు. నా ఒళ్లు భగ్గుమంది. ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదని నాకే అప్పుడు తెలిసింది. ఎందుకంటే ఆ పాట నాది. మాట నాది, బాణీ నాది, అందులోని పొగరూ నాదే.

మట్టెవాడలో మాది ఇత్తడి సామాన్ల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు, పొద్దున లేస్తే బిందెల మోతే మాకు సుప్రభాతం. మా అమ్మమ్మ మా దగ్గరే ఉండేది. ఆమెకు అక్షరం ముక్క రాదు గానీ చుట్టుపక్కల ఏ పెళ్లి జరిగినా బువ్వం బంతికి ఆమె ఉండి తీరాల్సిందే. ఆ కాలం పెళ్లిళ్లు చూసిన మీకు చెప్పక్కర్లేదు, ఇప్పటి పిల్లల కోసం చెబుతున్నాను: మగపెళ్లివారంతా వరసగా కూర్చుని మోదుగాకు విస్తర్లలో భోంచేస్తుంటే, ఆడపెళ్లివారి ఆడవాళ్లు వెనక నిలబడి వాళ్లను ఒక్కొక్కరినీ పాటతో ఏకిపారేసేవారు. వియ్యపురాలి ముక్కు, వియ్యంకుడి పిసినారితనం, ఏదీ వదిలేవారు కాదు. తిట్టించుకున్నవాడు నవ్వాలి, కోపం తెచ్చుకుంటే పరువు పోయినట్టే. పెద్దవాళ్లు లేచేదాకా ఎవరూ విస్తరి ముందు నుంచి లేవకూడదు. మా ఇళ్లలో ఇంకో పట్టింపు కూడా ఉండేది. పాట ఎవరి మీద పాడితే వాళ్లు అక్కడికక్కడే కొత్తగా కట్టి జవాబు పాడాలి, లేదా వాళ్ల తరఫున ఇంటివాళ్లెవరైనా పాడాలి, అప్పటిదాకా బంతిలో ఎవరికీ నెయ్యి వడ్డించరు. నెయ్యి గిన్నె మా అమ్మమ్మ చంకలో ఉండేది, ఆమె చేతిలోంచి దాన్ని లాక్కునే మొనగాడు వరంగల్‌లో పుట్టలేదు.

ఇంటర్‌లో నేను ఇంగ్లీషు తప్పాను. మా నాన్న కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ దగ్గర ట్యూషన్ పెట్టించాడు. ఇంగ్లీషు ఎంత వచ్చిందో దేవుడికే ఎరుక గానీ, ఆవిడ గోడకు వేలాడే గిటారు మాత్రం నాకు వచ్చేసింది. ఇంగ్లండు నుంచి ఆవిడ తమ్ముడు క్యాసెట్లు పంపేవాడు. గొంతు చించుకుని, మూడే మూడు గిటారు పట్ల మీద, అదే కార్డ్స్ అంటారే, వాటి మీద బరబరా గీకుతూ, మొదలైందనుకునేలోపు అయిపోయే పాటలు. వీటిని పంక్ అంటారని ఆంటీ చెప్పింది. ఆ పేరు నా బుర్రకు ఎక్కలేదు, ఆ అరుపు మాత్రం ఎక్కింది. అరె, ఇది మా అమ్మమ్మ బంతి పాటే కదా, కాకపోతే కరెంటు పెట్టారు, అంతే అనిపించింది.

అప్పుడే నా మొదటి పాట కట్టాను. బజారులో తల వంచుకుని నడువుమనే పెద్దమనుషులూ, నవ్వితే పళ్లు కనపడుతున్నాయనే చుట్టాలూ ప్రాణం తీసేవారు. వాళ్ల మీద కక్షతో కట్టిన పాట అది.

నడువుమంటే నడువ నేను, నా తొవ్వ నాది
నవ్వుమంటే నవ్వ నేను, నా నోరు నాది

హనుమకొండలో అప్పట్లో ఒక ఆర్కెస్ట్రా నడిపే ఆయన ఉండేవాడు, ఆయనే తర్వాత పెద్ద బావ అయ్యాడు, అప్పటికి మా అందరికీ అన్న. వినాయక చవితి మండపాల్లో, కాలేజీ ఫంక్షన్లలో నాతో సినిమా పాటల్లో ఆడగొంతు పాడించుకునేవాడు. ఒక మండపంలో ఆయన గొంతు పట్టేసి పాడలేకపోతే నేను గిటారు తగిలించుకుని నా పాట ఎత్తుకున్నాను. జనం ఈలలు వేసి మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. అన్న కళ్లు అప్పుడే ఆ పాట మీద పడ్డాయి. కొన్ని నెలలకు హైదరాబాదు వెళ్లి క్యాసెట్టు చేయించుకొచ్చాడు. అట్ట మీద ఆయన ఫొటో, రచన ఆయన పేరు, గానం ఆయన పేరు. దొంగిలించినవాడు దొంగిలించినట్టయినా ఉంచాడా? నా తొవ్వ నీది, నా నవ్వు నీది అని మార్చి పాడాడు. నా కసినంతా తీసుకెళ్లి ప్రేమ పాకంలో ముంచాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి.

వెళ్లి నిలదీశాను. ఆయన హార్మోనియం పేటీ వాయించడం కూడా ఆపకుండా, "ఆడపిల్ల పేరు క్యాసెట్ మీద ఏస్తే రేపు నీకు సంబంధాలొస్తయా చెల్లె? నీ మంచికే కదా చేసిన, జర సోంచాయించు" అన్నాడు. ఇంటికొచ్చి ఏడిస్తే మా నాన్న, "ఊకో బిడ్డా, పాటే కదా పోయింది" అన్నాడు. పాటే కదా! దుకాణంలో చెంబు పోతే బజారంతా ఏకం చేసే మనిషి ఆయన. మా అమ్మమ్మ ఒక్కతే వత్తులు చేసుకుంటూ, "గసొంటోన్ని బంతిల కూసోబెట్టి అడగాలె" అని ఊరుకుంది. నేను ఆర్కెస్ట్రా మానేశాను. ఏ కిరాణా కొట్టు టేప్‌రికార్డరులో చూసినా ఆ క్యాసెట్టే మోగేది, నేను చెవులు మూసుకుని ఆ సందు దాటేదాన్ని.

దేవుడున్నాడని నాకు తర్వాత తెలిసింది. ఆ అన్న తమ్ముడికే మా అక్కను ఇవ్వడం కుదిరింది. లగ్నపత్రిక రాసుకున్న రోజు ఇంట్లో అందరూ కట్నకానుకల మాటల్లో ఉంటే, నేను మాత్రం ఒక్క వరస లెక్కలో పడ్డాను. అక్క మొగుడు బావ, ఆయన అన్నా బావే. నిన్నటిదాకా అన్న, అన్నను ఏమనడానికీ లేదు. బావనైతే ఏమైనా అనొచ్చు, బంతిలో అయితే అనకపోతేనే తప్పు!

పెళ్లి మట్టెవాడలో మా ఇంటి ముందు పందిట్లోనే. తన గొప్ప చూపించుకోవడానికి పెద్ద బావ ఆర్కెస్ట్రా మొత్తాన్ని తెచ్చి, వీధి చివరిదాకా వినపడేట్టు మైకులు కట్టించాడు. ఆయన ఖర్మ, అవి నాకే పనికొచ్చాయి. బువ్వం బంతిలో పట్టు పంచె కట్టుకుని, మీసం దువ్వుకుని, వాళ్ల అమ్మ పక్కన కూర్చున్నాడు. పప్పు వడ్డించారు. మా అమ్మమ్మ నెయ్యి గిన్నె ఎత్తుకుని నా వైపు చూసి, "ఇయ్యాల నువ్వెత్తుకో" అంది. నేను తిన్నగా వెళ్లి ఆర్కెస్ట్రా గిటారు మెళ్లో వేసుకుని, మైకు ముందు నిలబడి, నా పాట వరసలోనే, ఆంటీ నేర్పిన మూడు పట్ల మీద ఎత్తుకున్నాను.

పప్పు బాగున్నదా బావా, పాట నీదేనా?
పొయ్యి మాది, కుండ మాది, పొగ నీదేనా?
మీసమున్న పెద్ద బావా, మూగబోతివేం?
కొత్త మాట ఒక్కటుంటే కట్టి పాడవేం?

మా వైపు ఆడవాళ్లంతా అందుకున్నారు. ఆయన డ్రమ్ములాయనే ఉత్సాహం ఆగక దరువేశాడు! మొదట పెద్ద బావ నవ్వాడు. తర్వాత జవాబు పాడమని బంతి బంతంతా గోల. ఎంతైనా క్యాసెట్టు రాసిన కవి గదా, ఆయన ఉండగా ఇంకొకరు పాడటమేమిటని వాళ్లవాళ్లే ఆయన్ను ముందుకు తోశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు, పైకి చూశాడు, కిందికి చూశాడు, చివరికి నా తొవ్వ నీది అంటూ అదే పాట మొదలుపెట్టాడు. "గది కాదు బావా, కొత్తది, కొత్తది!" అని మా ఆడవాళ్లు అరిచారు. ఒక్క చరణం, పోనీ ఒక్క ముక్క! ఎడమచేత్తో మళ్లీ మీసం దువ్వుకున్నాడు, అంతే. అన్నాలు చల్లారుతున్నాయి, ముసలివాళ్లు నెయ్యి కోసం చూస్తున్నారు, లేవడానికి లేదు. చెమటతో ఆయన గంధమంతా కారిపోయింది. కడుపు నిండటమంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది, నేనింకా మెతుకు ముట్టలేదు.

ఇక చూడలేక వాళ్ల అమ్మే అందుకుంది. ముసలావిడ మంచి పాటగత్తె, గొంతు వణుకుతున్నా వరస తప్పలేదు.

పాట నీదే పో పిల్లా, నెయ్యి పొయ్యరాదే
అన్నమారిపోతున్నది, అలక మానరాదే

పందిరంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. మైకులో, వీధి చివరిదాకా, కన్నతల్లి నోటితో తీర్పు వచ్చేసింది. మా అమ్మమ్మ గిన్నె వంచి మొట్టమొదట ఆవిడకే నెయ్యి వేసింది.

ఆ తర్వాత నా దశ తిరిగింది. ఆ బంతిలోనే నవ్వి నవ్వి పొలమారిన మగపెళ్లివారి చుట్టమొకాయన నన్ను చేసుకుంటానని కబురు పంపాడు, సంబంధాలు రావన్న పెద్ద బావే మా పెళ్లికి అక్షింతలు వేయాల్సి వచ్చింది. కాజీపేటలో, వర్ధన్నపేటలో, ఎక్కడ స్టేజీ ఎక్కినా నేను ముందు పొయ్యి మాది కుండ మాది అనే మొదలుపెట్టేదాన్ని. పిల్లను చూడటానికొచ్చి మిఠాయి ఖాళీ చేసిపోయేవాళ్ల మీద, బస్సులో మోచేతులు పెట్టేవాళ్ల మీద కొత్త కొత్తవి కట్టాను. ఆ పోరి నోరు మంచిది కాదని పెద్ద బావ ఊరంతా చెప్పాడు, దాంతో ఇంకా ఎక్కువమంది పిలిచారు. క్యాసెట్టు మాత్రం నాకు ఎవరూ చేయలేదు. ఆడమనిషి అరిస్తే ఎవరు కొంటారన్నారు. ఎనభైలు అయిపోయేసరికి నా గొంతూ బొంగురుపోయింది, మండపాల్లో మనుషులకు బదులు రికార్డులు పెట్టడం మొదలైంది. బంతిలో విన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఆయన పేరున్న అట్ట మాత్రం మిగిలింది.

మొన్న ఫంక్షన్ హాల్లో నా మనవరాలికి ఇదంతా గబగబా చెబితే, "అయితే నువ్వు పాప్ పంక్ సింగర్‌వన్నమాట అమ్మమ్మా" అని కళ్లు పెద్దవి చేసింది. ఏ పేరైతేనేం తల్లీ అని పెరుగన్నం పక్కన పెట్టి, తిన్నగా సోఫా దగ్గరికి వెళ్లి, ఆయన చెవి దగ్గర వంగి, పప్పు బాగున్నదా బావా అని ఎత్తుకున్నాను. గుర్తుపట్టాడు. ఆ మొహంలో అదే చెమట. కానీ ఆయన పళ్లెం ఆయన చేతిలోనే ఉంది. "జర ఐస్‌క్రీం తెచ్చుకుంట" అని లేచి, కర్ర పొడుచుకుంటూ బఫే గుంపులో కలిసిపోయాడు.

ఇప్పటి భోజనాలు బాగానే ఉంటాయి, వేడివేడిగా, ఎవరికి కావలసింది వాళ్లు పెట్టుకుంటారు, నెయ్యి కోసం ఎవరూ ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఇబ్బంది పడితే లేచి అవతలికి పోవచ్చు. పాట నీదే పో అని చెప్పడానికి ఆ ముసలి తల్లీ లేదు, గిన్నె పట్టుకోవడానికి మా అమ్మమ్మా లేదు. ఆయన మీద నా దగ్గర ఇంకా చరణాలున్నాయి, ఇంటికొస్తూ ఆటోలో ఒకటి కొత్తగా కూడా కట్టాను. ఆయన్ను కూర్చోబెట్టే బంతి మాత్రం లేదు.