ఆమెన్ రాని ప్రార్థన

మెట్‌పల్లి దగ్గరి ఆ ఊళ్ళో ఆనందమ్మను అందరూ టీచరమ్మ అంటారు గానీ ఆమె ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. వారమంతా చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంది, ఆదివారం గుడిలో పిల్లలను కూర్చోబెట్టుకుని బైబిలు కథలు చెబుతుంది. కొత్తగా వచ్చిన పాస్టరయ్య ఒకసారి, బీడీల పని విశ్వాసులకు తగునా అని నసిగాడు. "నేను చుడుతున్న అయ్యగారూ, తాగుతలేను" అంది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పెనిమిటి పోయాడు, కడుపున ఎవరూ లేరు. ఊళ్ళోని క్రైస్తవుల పిల్లలంతా ఆమె చేతి కింద పెరిగినవాళ్ళే.

ఏటా నవంబరులో ఒక ఆదివారం ఆరాధన మొత్తం పిల్లలదే. వాక్యం చదివేది వాళ్ళు, పాట ఎత్తుకునేది వాళ్ళు, కానుకల సంచి పట్టేది వాళ్ళు. ఆ రోజు పాస్టరయ్య సైతం అందరితో పాటు జంపఖానా మీద బాసింపట్టు వేసుకుని వినాల్సిందే. ఆనందమ్మ పోరి పోరి పెట్టించిన పద్ధతి ఇది. పసిపిల్లలకేం తెలుసని ముక్కు విరిచిన పెద్దలతో ఆమె పడ్డ గొడవ అంతా ఇంతా కాదు. ప్రార్థన మాత్రం కాగితం చూసి చదవనివ్వదు, మనసులో ఉన్నది చెప్పాలంటుంది. పిల్ల ఒక్కో మాట ముగించగానే గుడంతా ఆమెన్ అని పలకాలి. "ఆమెన్ రాకుంటే మీ గొంతు ఇనవడలేదన్నట్టు. బుగులు వడకుండ మల్లొక్కసారి గట్టిగ చెప్పాలె" అని పిల్లలకు నూరిపోసింది.

ఈ ఏడు ప్రార్థన వంతు షారోన్‌ది. నాలుగో తరగతి పిల్ల. నలుగురి ముందు నోరు విప్పమంటే తల్లి కొంగు వెనక్కి పోయే రకం. ఆ పిల్ల చేత నాలుగు మాటలు పలికించడానికి ఆనందమ్మకు తాతలు దిగివచ్చారు. తండ్రి బెన్నీ దుబాయిలో బిల్డింగు పనిలో ఉన్నాడు. తల్లి రెబెకా చంటిబిడ్డతో మామ బక్కయ్య దగ్గర ఉంటోంది. బక్కయ్య సంఘపెద్ద. ఆయన మాటకు గుడిలో ఎదురు లేదు.

శుక్రవారం కబురు వచ్చింది. బెన్నీ పైనుంచి పడి అక్కడికక్కడే పోయాడు. శవం ఉన్న పెట్టె ఇంటికి చేరడానికి ఎన్ని వారాలు పడుతుందో ఎవరికీ తెలియదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఉన్న అలవాటునే బక్కయ్యా పట్టుకున్నాడు: పెట్టె గుమ్మం ముందు దిగేదాకా పెళ్ళాం బిడ్డలకు చెప్పకూడదు. బెన్నీ ఫోను ఖరాబైందట అని కోడలికి చెప్పాడు. సాయంత్రానికి రెబెకాకూ షారోన్‌కూ తప్ప ఊరందరికీ తెలిసిపోయింది. ఇదీ ఒక దయేనట.

శనివారం పొద్దున్నే ఆనందమ్మ ఆయన దగ్గరికి పోయింది.

"అన్నా, రేపటి ప్రార్థన ఇంకొకలకిస్త. షారోన్‌తోని పాట పాడిపిస్త."

"వద్దు చెల్లే. నెల దినాల సంది ఇంట్ల గదే ముచ్చట. ఇప్పుడు తీసేస్తే ఎందుకని అడుగుతది. కోడలికి అనుమానం వస్తది. అసలే పచ్చి బాలింత. నడవనియ్యి."

ఏడ్వడానికి కూడా చాటు దొరకని ఆ ముసలాయన కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. కొడుకును పోగొట్టుకున్న మనిషితో ఏమని వాదిస్తుంది? తలూపి వచ్చేసింది. దారిలో షారోన్ కనబడితే, "లోకమంతటి కోసం చెయ్యి బిడ్డా, పేర్లు తియ్యకు" అంది. పాస్టరయ్య నోరే మూయించిన మనిషికి ఆ పూట అంతకంటే ఏమీ తోచలేదు.

ఆదివారం గుడి నిండింది. షారోన్ స్టూలెక్కి కళ్ళు మూసుకుంది. పంటలు మంచిగ చేతికి రావాలంది. ఆమెన్. జరమొచ్చినోళ్ళకు నయం చెయ్యి ప్రభువా అంది. ఆమెన్. ఒక్కో ఆమెన్‌కూ పిల్ల గొంతు విచ్చుకుంటోంది. వేరే ఏడయితే ఆనందమ్మ పొంగిపోయేది. ఇప్పుడు ఇక చాలు, దిగు తల్లీ అని లోపల్లోపల బతిమాలుకుంటోంది.

"దుబాయిల ఉన్నోళ్ళను కాపాడు ప్రభువా."

ఆమెన్ సగం గొంతులతోనే వచ్చింది.

"మా బాపు ఫోను మంచిగ చెయ్యి. క్రిస్మస్‌కు మా బాపును ఇంటికి తీస్కరా."

ఎవరూ పలకలేదు. చనిపోయినవాడు రావాలని దేవుని ముందు ఎలా అంటారు? క్రిస్మస్‌కు వచ్చినా వస్తాడు, ఎట్లా వస్తాడో అందరికీ తెలుసు.

పిల్ల తన గొంతు వినబడలేదనుకుంది. నేర్పించినట్టే, భయపడకుండా ఇంకా గట్టిగా అంది.

"క్రిస్మస్‌కు మా బాపును ఇంటికి తీస్కరా ప్రభువా!"

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బక్కయ్య తల మోకాళ్ళ మధ్యకు వంగిపోయింది. రెబెకా కళ్ళు తెరిచింది. అటు చూసింది, ఇటు చూసింది. ఒక్క ముఖమూ ఆమె వైపు తిరగలేదు. చివరికి పక్కనే ఉన్న ఆనందమ్మ దగ్గర ఆ చూపు ఆగింది.

"నువ్వన్నా ఆమెన్ అను పెద్దమ్మా" అంది మెల్లగా. "నువ్వొక్కదానివంటే సాలు."

ఆనందమ్మ నోరు తెరిచింది. అబద్ధమైతే అబద్ధం, ఆ పాపమేదో నాకే తగలనీ అనుకుంది. ఎందరు పిల్లల కోసమో గుడి దద్దరిల్లేలా పలికిన మాట. పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. తాను పెట్టించిన పద్ధతే ఒక ఆడమనిషికి మొగుడి చావు కబురు చెబుతుంటే, నోరు తెరుచుకుని చూస్తూ కూర్చుంది.

రెబెకా చంటిబిడ్డను ఆనందమ్మ ఒళ్ళో పెట్టి లేచింది. స్టూలు మీద షారోన్ గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, మూడోసారి అరవబోయింది. "మా బాపును" అనేసరికి తల్లి చెయ్యి వచ్చి నోటి మీద పడింది.

"సాలు బిడ్డా. ఇనవడ్డది. అందరికి ఇనవడ్డది."