మా వియ్యంకుడి నల్లకుండ

నవంబరు ఇరవై రెండు, శనివారం. మా వియ్యంకుడు పోయి నేటికి పద్దెనిమిదో రోజు. పోయినవారి గురించి నాలుగు మాటలు రాయడానికి ఏడాది ఆగినా తప్పులేదు. నేను ఆగలేను. కంది పూతకొచ్చింది. పూతలో పచ్చ పురుగు పడింది. ఇన్నేళ్ళూ ఆ పురుగును ఆపిన వస్తువు ఆయన వెనకే పోయింది. దాన్ని పోగొట్టింది నేను. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఆయన పోయిన రోజు కార్తీక పౌర్ణమి. ఊళ్ళో సగం మంది గోదావరి స్నానానికని భద్రాచలం వెళ్ళారు. ఆయన వెళ్ళలేదు. పొద్దున్నే కంది చేనుకు నడిచారు. తొమ్మిది దాటాక మా అల్లుడు ఫోన్ చేశాడు.

“అత్తమ్మా, బాపు ఒడ్డు మీద కూసున్నడు. పిలిస్తే లేస్తలేడు.”

నా కూతుర్ని పిలిచి, ఇద్దరం చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాం. ఆయన నిజంగా చేనుగట్టు మీద కూర్చునే ఉన్నారు, వీపు తుమ్మచెట్టుకు ఆనించి. ఇంటికి తెచ్చి చొక్కా తీస్తే జేబులో అగ్గిపెట్టె ఉంది. అందులో ఎప్పుడూ పుల్లలుండవు, పురుగులుంటాయి. ఆ రోజు రెండు పచ్చ పురుగులూ, మూడోదాని తలా ఉన్నాయి. మిగతాది ఆ రెండూ తినేసినట్టున్నాయి. ఈ పంటకాలంలో పడ్డ మొదటి పురుగులవి. ఆయన చివరగా చేసిన పని అదే.

నేను ఎర్రుపాలెం దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఎనిమిదేళ్ళ కిందట పినపాక మండలంలో ఉన్న కూతురింటికి వచ్చాను. మా వియ్యంకుడు మణుగూరు బొగ్గు గనిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, ఊపిరి సరిగ్గా ఆడక బయటికొచ్చి, అడవి అంచున నాలుగెకరాల్లో కంది, మిరప వేసుకున్నారు. చదువు నాలుగో తరగతి. నేను వచ్చిన మొదటి రోజు వంటింటి వెనక అటకగదిలోంచి పాడైన మాంసం లాంటి కంపు వచ్చింది. చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, “అన్నయ్యగారూ, ఇంట్లో ఎలుక చచ్చినట్టుంది” అన్నాను.

ఆయన నవ్వారు. “ఎలుక గాదు వదినె, పురుగులు సచ్చినయ్. గిది కంపు గాదు. సంక్రాంతి దాటినంక మీరు తినే కందిపప్పు వాసన గిదే.”

“అయితే నాకు పెసరపప్పు వండించండి.”

“ఇగ సూడు, వియ్యపురాలు వచ్చిన పూటే పప్పుకు వంక పెట్టె!”

ఆ గదిలో చీకటి మూలన, గోనెపట్టా కింద ఉండేది నల్లకుండ. అందులో ఉన్నది పచ్చ పురుగుకు వచ్చే జబ్బు. శాస్త్రవేత్తలు వైరస్ అంటారు, ఆయన పురుగుజ్వరం అనేవారు. శనగలు నానబెట్టి, కాగితపు టీ కప్పుకు రెండు గింజలు వేసి, వాటిమీద కుండలోని నీళ్ళు ఒక చుక్క వేసేవారు. కప్పుకు ఒక్క పురుగే. రెండు వేస్తే పెద్దది చిన్నదాన్ని తింటుంది. అయిదారు రోజులకు పురుగు మేత మానేస్తుంది. కప్పు అంచుకు ఎక్కి, వెనక కాళ్ళతో పట్టుకుని, తలకిందులుగా వేలాడి చచ్చిపోతుంది. ముట్టుకుంటే చిట్లి నీరవుతుంది. అలాంటివాటిని నీళ్ళలో మురగనిచ్చి, పలచటి గుడ్డలో వడకట్టి చేనుకు కొడతారు. అందులోంచే కొంత మళ్ళీ కుండకు పోస్తారు, వచ్చే ఏడాదికి. ఈ జబ్బు పచ్చ పురుగుకు తప్ప తేనెటీగకు రాదు, మేకకు రాదు, మనిషికి రాదు.

ఈ పనిలోకి ఆయన దిగింది సరదాకు కాదు. నేను రాకముందు ఒక ఏడు, మందు డబ్బా వీపున వేసుకుని మిరప చేలో కొడుతూ కొడుతూ పడిపోయారట. దవాఖానాలో మూడు రోజులు కళ్ళు తెరవలేదట. లేచాక అన్న మొదటి మాట మా అల్లుడు ఇప్పటికీ చెబుతాడు: “పురుగు సావలే. నేను సావబోయిన.” ఆ తర్వాత ఒక శిక్షణలో ఎవరో సైంటిస్టు చిన్న సీసా చేతికిచ్చి, విధానం చెప్పి పంపారు. ఆ సీసాడు నీళ్ళను పదమూడేళ్ళు ఏటికేడు బతికించుకుంటూ వచ్చారు.

నాకు ఆయన మీద గౌరవం కలిగింది కప్పుల లెక్క దగ్గర. ఆయన చింతగింజలు పెట్టి లెక్కించేవారు. ఎకరానికి రెండొందల పురుగులు కావాలనేవారు. నేను రిజిస్టరు పెట్టాను. కప్పు నంబరు, పురుగు వేసిన రోజు, మేత మానిన రోజు, చచ్చిన రోజు. ఒకసారి పన్నెండు కప్పులు తేడా వచ్చింది. “పోనియ్ వదినె” అంటారనుకున్నాను. అనలేదు. గది అంతా మోకాళ్ళ మీద వెతికి, శనగల బస్తా వెనక ఆ పన్నెండూ పట్టుకొచ్చారు. ఆయాసం తగ్గాక బొగ్గుబాయి సంగతి, అంటే గని సంగతి చెప్పారు.

“బాయిల దిగేటప్పుడు బిళ్ళ ఇస్తరు. ఎక్కినంక బిళ్ళ వాపస్ తగిలియ్యాలె. ఒక్క బిళ్ళ తక్కువున్నా ఎవ్వలూ ఇంటికి పోరు. దిగినోళ్ళు ఎందరో, ఎక్కినోళ్ళు గందరు ఉండాలె.”

నేను ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. లెక్క ఎందుకు సరిపోవాలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

చేనుకు కొట్టడం సాయంత్రమే. ఎండ తగిలితే ఆ జబ్బే చచ్చిపోతుంది. అందుకే బెల్లంతో పాటు బట్టలకు పెట్టే నీలం కలిపేవారు, అది ఎండను కొంత ఆపుతుందని. ఆ వారమంతా ఆయన వేళ్ళు నీలంగా ఉండేవి. ఆ వేళ్ళతోనే నా రిజిస్టరు తిప్పేవారు. “పేజీ ఖరాబు చేశారు” అని నేను కసిరితే, “నా సంతకం వంకర గద వదినె, గిదే నా సంతకం” అనేవారు.

పక్క చేను రైతు ఒకాయన ఉన్నాడు. మొదట్లో ఒడ్డు మీద నిలబడి అరిచేవాడు. “ఏంది మామా, నీ పురుగులకు జ్వరం ఇంకా రాలేదా? గోలీలు తేవాల్నా?”

“వస్తది అల్లుడా. మందుకు తొందర ఎక్కువ, రోగానికి ఓపిక ఎక్కువ. వారం ఆగు.”

వారం తర్వాత ఆ రైతే మా కంది కొమ్మల చివర్ల వేలాడే పురుగులు చూసి, రెండు సీసాలు పట్టుకుని వచ్చాడు. తర్వాత చర్ల వైపు నుంచి కూడా బస్సెక్కి వచ్చేవారు. ఎవరికీ కాదనలేదు. తీసుకున్నవాళ్ళ ఊరు పేరు నేను రాసుకున్నాను. ఫోన్ నంబర్లు రాస్తానంటే ఆయనే వద్దన్నారు. “ఎందుకు వదినె, వాళ్ళే మళ్ళ వస్తరు తియ్.” ఆ మాట విన్నందుకు ఇప్పుడు బాధపడుతున్నాను.

ఇక నా తప్పు.

మా వైపు చావు జరిగిన ఇంట్లో మట్టి కుండలు ఉంచరు. పదో రోజు ఇల్లు కడిగించాను. ఆచారంలోనూ శుభ్రంలోనూ నేను ఎవరినీ చెయ్యి పెట్టనివ్వను. కడగడానికి వచ్చిన ఆవిడ అటకగదిలోంచి తల బయటికి పెట్టి అడిగింది.

“అమ్మమ్మా, గీ మూలకున్న నల్లకుండ గూడనా?”

“మట్టిదైతే చాలు. ఒక్కోదానికీ నన్ను అడగొద్దు. అన్నీ పారేయండి” అన్నాను.

అడిగింది. ఆమె అడిగింది. ఎనిమిదేళ్ళుగా ఆ కుండ పేరు మీద రిజిస్టరు రాస్తున్నదాన్ని, మైల అన్న మాట ముందు నాకు ఏ కుండో తట్టలేదు.

రెండు రోజుల తర్వాత, ఆదివారం పొద్దున, మా అల్లుడు చేను నుంచి వచ్చాడు. చేతిలో తండ్రి అగ్గిపెట్టె, నిండా పురుగులు.

“అత్తమ్మా, నల్లకుండ ఏది?”

చెప్పాను. వాడు అరిచి ఉంటే బాగుండేది. “మీకు తెలుసు గద అత్తమ్మా” అని మాత్రం అన్నాడు. అని, పెంటకుప్ప దగ్గరికి పరుగెత్తాడు. నేనూ పరుగెత్తాను, ఈ మోకాళ్ళతో. కుండ నాలుగు పెంకులై ఉంది. రెండు రోజుల ఎండ వాటిమీద కాసింది. లోపలి పొర మట్టిలాగా ఎండిపోయి, గోటితో గీస్తే పొడి రాలింది. పెంకుల్ని, వాటి కింద ఇంకిన మట్టిని నేను చెంచాతో గీకాను. వాసన కూడా లేదు. ఆ కంపు కోసం ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాను. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఈ ఇంట్లోకి వచ్చినదాన్ని.

గీకిన పొడి నీళ్ళలో కలిపి, ఆ రోజే నలభై కప్పులు పెట్టాం. శనగలు నా కూతురు నానబెట్టింది. ఈ రోజుకు ఆరు రోజులు. ఈ ఉదయం చూశాను. నలభైలో నలభై బతికే ఉన్నాయి, మేస్తున్నాయి. ఒక పురుగు మేస్తుంటే చూసి ఏడవాల్సి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

బయట ప్రయత్నించలేదని కాదు. తెలిసిన చోట్లకు ఫోన్ చేశాం. ఈ సీజనుకు తయారీ లేదన్నారు. ఒక దుకాణంలో ఒకే సీసా దొరికింది. గడువు దాటి, ఎండ పడే అద్దాల బీరువాలో నిలబడి ఉంది. నిన్న పక్క చేను రైతు వాకిట్లోకి వచ్చాడు. ఈసారి ఎగతాళి లేదు.

“అమ్మమ్మా, మామ మీద నాకు ఇజ్జతుంది. సోమారం దాకా సూస్త. అటెన్క మందు కొడత. పూతంతా బోతే నా పిల్లలకు ఏం పెట్టాలె?”

అతను మొదలుపెడితే మిగతావాళ్ళు ఆగరు. నిన్న సాయంత్రం మా అల్లుడు కూడా పశువుల కొట్టంలోంచి పాత మందు డబ్బా దించి, తుడిచి, గోడకు ఆనించి పెట్టాడు. తండ్రి మోసి పడిపోయిన డబ్బా అదే.

ఇక జరగవలసినవి రాస్తున్నాను.

1. మా వియ్యంకుడి దగ్గర సీసా తీసుకున్నవారు ఎవరైనా ఇది చదివితే, అటక మీదా మంచం కిందా వెతకాలి. పాతదైనా, కంపు కొట్టినా, అడుగున చెంచాడే ఉన్నా పారేయవద్దు. కంపు కొడితే మరీ పారేయవద్దు.

2. సీసాకు ఎండ తగలనివ్వకుండా నల్లగుడ్డ చుట్టి, పినపాక వచ్చే ఏ బస్సులోనైనా మనిషితో పంపాలి. పినపాకలో దిగి పురుగుల మామ ఇల్లు అంటే ఎవరైనా చూపిస్తారు.

3. సీసా లేనివారు సోమవారంలోగా తమ కంది చేలో కొమ్మల చివర్లు చూడాలి. తలకిందులుగా వేలాడే పురుగు ఒక్కటి కనబడినా ఆ కొమ్మ తుంచి, డబ్బాలో పెట్టి మూత పెట్టాలి. చేత్తో నలపకూడదు.

4. ఇక మీద కుండ ఒక్కచోట ఉండకూడదు, మూడిళ్ళలో ఉండాలి. తీసుకున్న ప్రతివారి ఫోన్ నంబరూ రాసుకోవాలి. ఈ ఒక్క విషయంలో ఆయన మాట నేను వినను.

5. రేపు ఏడో రోజు. నలభై కప్పులూ మళ్ళీ చూడాలి. లెక్క నేనే రాస్తాను. నలభై బతికుంటే నలభై బతికున్నాయనే రాస్తాను. కుండ పారేయించింది ఎవరో ఆ కింద నా పేరుతో రాస్తాను. ఆ పేజీ అంచున ఆయన నీలి వేలిముద్ర ఒకటి ముందే ఉంది, ఎప్పుడు పడిందో తెలియదు. దాన్ని తప్పించి రాస్తాను.