పిన్ని మొహం, అమ్మమ్మ మోకాళ్లు

నా చిన్నప్పుడు బడికి సెలవులిచ్చిన మర్నాడే మా అమ్మ నన్ను తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కించేది. వేమూరు దాటిందంటే నాకు అమ్మమ్మగారి ఊరు వచ్చేసినట్టే ఉండేది. రేపల్లెలో అమ్మమ్మా, మా పిన్నీ ఇద్దరే ఉండేవారు. పిన్ని మా అమ్మకు చెల్లెలు, అక్కడి బళ్లో టీచరు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లను క్లాసులో అల్లరి పిల్లల్ని చూసినట్టు చూసేది, అందుకని ఎవరూ రెండోసారి అడిగేవారు కాదు. నాకు సెలవులంటే మామిడిపళ్లు కావు, పిన్నే. సాయంత్రాలు నన్ను వెంటేసుకుని ఊరంతా తిప్పేది.

తొంభైల మొదట్లో ఒక వేసవి మాత్రం అలా గడవలేదు. ఆ ఏడు రైలెక్కిస్తూ అమ్మ నాకు ముందే చెప్పింది, పిన్ని ఇంట్లోంచి బయటికి రావడం లేదని, నేను ఆమెకు తోడుగా ఉండాలని, మొహం గురించి ఏమీ అడగకూడదని. అడగకూడదన్నాక అది తప్ప వేరే సంగతి మనసులో ఎలా ఉంటుంది? నేను వెళ్లగానే ముందు మొహమే చూశాను. బుగ్గలూ, ముక్కూ, గడ్డమూ ఎండలో కందినట్టు ఎర్రగా ఉన్నాయి. మీద చిన్న చిన్న పొక్కులు. పిన్ని నా చూపు కనిపెట్టి, చూసుకో, తనివితీరా చూసేసుకో, తర్వాత మళ్లీ చూడకు అంది. నవ్వుతూనే అంది కానీ నాకు ఏడుపొచ్చింది.

సంగతంతా నాకు ముక్కలుముక్కలుగా తెలిసింది. ముప్పై దాటినప్పటి నుంచి పిన్నికి ఎండలో తిరిగొచ్చినా, వేడి కాఫీ తాగినా మొహం జేవురించేది. సిగ్గుపడుతోందని మొదట్లో అందరూ ఏడిపించేవారు. ఎంతకీ దిగకపోయేసరికి తలా ఒక వైద్యం చెప్పారు. అమ్మమ్మ దుగ్గిరాల నుంచి పసుపు కొమ్ములు తెప్పించి, దంచి, మీగడలో కలిపి పట్టించింది. ఆ పూటంతా పిన్ని తడిగుడ్డ మొహాన వేసుకుని పడుకుందట. ఆ తర్వాత ఎవరో మందుల షాపు నుంచి ఒక ట్యూబు తెచ్చిపెట్టారు. డాక్టరు చీటీ లేదు, ఎన్నాళ్లు రాయాలో చెప్పినవాళ్లు లేరు. రాయగానే ఎరుపు పోయింది, చర్మం నున్నగా మెరిసింది, ఊరంతా మెచ్చుకుంది. మానేస్తే మాత్రం మంటతో సహా తిరిగొచ్చేది. మళ్లీ రాస్తే ఒక పూటకు సర్దుకుని, ఇంకో పూటకు రెట్టింపయ్యేది. రాసినా బాధే, మానినా బాధే. అలా ఏళ్ల తరబడి ఆ ట్యూబు పిన్నిని పట్టుకుని వదల్లేదు.

అప్పట్లో బళ్లకు మచ్చలు చూసేవాళ్లు వచ్చేవారు. చొక్కాలు ఎత్తించి వీపులు చూసి, మచ్చ కనిపిస్తే దూదితో తాకి తెలుస్తోందా అని అడిగేవారు. గోడలకు బొమ్మలు అంటించి వెళ్లేవారు. ఆ బొమ్మల్లో ఒక మొహం ఎర్రగా, వాచి, మెరుస్తూ ఉండేది. ఆ రోగం పేరు మా వైపు ఎవరూ నోటితో అనేవారు కాదు, పెద్దరోగం అనేవారు. దానికీ మందుందని ఆ బొమ్మ కిందే రాసి ఉండేది, ఎవరూ చదివేవారు కాదు. ఆ బొమ్మను చూసిన కళ్లతోనే జనం మా పిన్నినీ చూశారు. అది స్పర్శ పోయే రోగం, పిన్నికేమో గాలి తగిలినా మండేది. అంత తేడా ఎవరికి పట్టింది?

మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం, చర్చిని గుడి అనే అనేవాళ్లం. గుడిలో నెలకొక ఆదివారం ప్రభు భోజనం ఇచ్చేవారు. బలిపీఠం ముందు చెక్క కమ్మీ దగ్గర ఆడవాళ్లు ముసుగులు వేసుకుని వరుసగా మోకరిస్తే, పాస్టరు అయ్యగారు ఒకే గిన్నెలోంచి ద్రాక్షారసం అందరికీ తాగించేవారు. ఒకరు తాగాక అంచును తెల్లటి గుడ్డతో తుడిచి, గిన్నెను కాస్త తిప్పి పక్కవాళ్లకు పట్టేవారు. ఈస్టరునాడు పిన్ని తాగాక పక్కనున్నామె పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. ఆ పక్కామె లేచి వెళ్లిపోయింది. అయ్యగారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారట. పిన్ని ఆ రోజు ఇంటికొచ్చి తలుపేసుకుంది.

అప్పుడు మా అమ్మ వచ్చి ఆమెను గుంటూరులో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన భూతద్దంతో దగ్గరగా చూశాడు, దూదితో తాకి చూశాడు. ఇది పెద్దరోగం కాదు, రొజేసియా అంటారు, ఎవరికీ అంటుకోదు, ఆ పాత ట్యూబు దీన్ని ఇంకా పెంచింది అన్నాడు. వేరే మందు రాసిచ్చాడు. ఉత్త నీళ్లతో మొహం కడిగి, ఆరాక, పొద్దునా రాత్రీ పల్చగా రాయాలి. పాతది తాకకూడదు. అది మానేసినందుకు మొహం ఇంకా రేగుతుంది, భయపడకూడదు, కొత్త మందు గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. ఎండ కూడదు, పొయ్యి సెగ కూడదు, కారం తగ్గించాలి. అమ్మమ్మకు ఈ ఆఖరిది మాత్రం మింగుడుపడలేదు. గుంటూరులో కూర్చుని కారం తినొద్దంటాడా, ఆయనేం తింటాడో కనుక్కురావాల్సింది అని మా అమ్మను కేకలేసింది.

నేను వెళ్లేసరికి పిన్ని మధ్యగదిలో ఉంటోంది. ఎండ పడకుండా కిటికీలు మూసేసేవారు. కరెంటు పోతే ఆ గది ఆవిరి పట్టినట్టుండేది, నేను విసనకర్రతో విసిరేదాన్ని. పెరట్లో ఆవకాయ కలుపుతుంటే ఆ ఘాటుకు పిన్ని కళ్ల నీళ్లు పెట్టుకునేది, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కేవాళ్లం. కొత్త ఆవకాయ కలిపిన రోజు ఊరంతా వేడి అన్నంలో కలుపుకుని తింటుంటే మేమిద్దరం చప్పటి పప్పూ, మజ్జిగా తిన్నాం. నన్నెవరూ అలా తినమనలేదు, పిన్ని ముందు తినబుద్ధి కాలేదంతే. వీధిలో పిల్లల ఆటలు వినపడేవి. వెళ్లి ఆడుకోమని పిన్ని అనేది, నేను లేస్తే ఆమె కళ్లలో ఏదో కదిలేది, మళ్లీ కూర్చునేదాన్ని. నిజం చెప్పొద్దూ, నాకు ఊపిరాడేది కాదు. పదకొండేళ్ల పిల్లకు అది సెలవులు కావు, ఖైదు. పిన్ని మాత్రం పొద్దునా రాత్రీ, ప్రార్థన చేసినంత శ్రద్ధగా, కొత్త మందును వేలికొనతో మొహం మీద చుక్కలు పెట్టి పల్చగా అద్దుకునేది. తర్వాత చేతిలో చిన్న అద్దం పట్టుకుని చూసేది. డాక్టరు చెప్పినట్టే మొహం ఇంకా రేగింది.

అసలు చిక్కు బడితో వచ్చింది. బడి తెరిచే రోజులు దగ్గరపడుతుంటే హెడ్మిస్ట్రెస్ గారు కబురు చేశారు. పిల్లల తల్లులు భయపడుతున్నారని, మొహం బాగయ్యాకే రమ్మని. ఆ తల్లుల్లో సగం మంది మా గుడివాళ్లే. వాళ్ల తరఫున నిలబడి మాట్లాడింది మా ఎదురింటి ఆవిడ, గుడిలో స్త్రీల సమాజానికి పెద్ద. చెడ్డ మనిషి కాదు, జ్వరం వస్తే జావ కాచి తెచ్చే మనిషే. కానీ ఆమె మాట మా వీధిలో గుడిగంట కంటే ముందు వినపడేది. ఆమె మనసు మారితే తప్ప పిన్నికి ఆ గదీ, ఆ మూసిన కిటికీలే గతి అని నాకూ అర్థమైంది.

బడి తెరిచే ముందు వచ్చిన ప్రభు భోజనం ఆదివారానికి ముందురోజు, మధ్యాహ్నం, పిన్ని బీరువాలో చీరల అడుగు నుంచి పాత ట్యూబు తీసింది. రాసుకుంటే తెల్లారేసరికి మొహం చల్లబడుతుంది. తెల్లటి మొహంతో గుడికి వెళ్లొచ్చు, అందరూ చూస్తారు, బడికీ వెళ్లొచ్చు. తర్వాత సంగతి తర్వాత. ఇదంతా నాకు చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది. మూత తీసింది. నేను వద్దనలేకపోయాను, వద్దంటే ఆమెకు ఇంకేం మిగులుతుంది? అప్పుడే అమ్మమ్మ మజ్జిగ గ్లాసుతో లోపలికొచ్చింది. లాక్కుంటుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. గ్లాసు కింద పెట్టి మంచం మీద కూర్చుంది.

"రాసుకుంటే రాసుకో అమ్మాయ్, నీ మొహం నీది. కాకపోతే రేపొక్కరోజు ఈ మొహంతోనే గుడికి రా. నా పక్కన కూర్చో. ఎల్లుండి నుంచి నీ ఇష్టం," అంది.

"ఎవరూ తాగరమ్మా, మళ్లీ అందరి ముందూ ఆ గిన్నె ఆగిపోద్ది," అంది పిన్ని.

అమ్మమ్మ గ్లాసు ఆమె వైపు జరిపింది. మజ్జిగ చల్లగా ఉండగానే తాగమంది. చాలాసేపటికి పిన్ని ట్యూబుకు మూత పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే అమ్మమ్మకు మోకాళ్లు పట్టేశాయి. రాత్రి దాకా పెరట్లో జాడీలు మోసిన మనిషి, గోడ పట్టుకుని మూలుగుతూ ఎదురింటికి వెళ్లి, కాస్త చెయ్యి ఆసరా ఇవ్వమని ఆవిడను అడిగింది. సమాజం పెద్ద కాదనగలదా? గుడిదాకా చెయ్యి పట్టుకుని నడిపించింది. బల్ల మీద పిన్ని గోడవైపు కూర్చుంటే, మధ్యలో అమ్మమ్మ, ఆ పక్కన ఆమెకు చెయ్యి ఇచ్చి ఇరుక్కుపోయిన ఎదురింటావిడ. ఎప్పుడూ ఆడవాళ్లలో అందరికంటే ముందు లేచి కమ్మీ దగ్గరికి వెళ్లే అమ్మమ్మ ఆ రోజు కదల్లేదు. ఆవిడ లేవబోయినప్పుడల్లా, జనం తగ్గనీ అమ్మా, తోపులాటలో పడిపోతాను అంటూ కూర్చోబెట్టింది. ఆఖరి వరుసకు ముగ్గురూ లేచారు. పిన్ని, అమ్మమ్మ, ఆవిడ, అదే వరుసలో మోకరించారు.

మేము పిల్లలం ముందు చాప మీద కూర్చున్నాం కాబట్టి నాకు అంతా కనిపించింది. పాట పాడేవాళ్లు చరణం మరిచిపోయారు. పిన్ని ముసుగులోంచి ఎర్రటి బుగ్గ కనిపిస్తోంది. ఆమె తాగింది. అయ్యగారు అంచు తుడిచి గిన్నెను తిప్పారు. అమ్మమ్మ చెయ్యి చాపి దాన్ని తిరిగి వెనక్కి తిప్పింది. పిన్ని పెదవులు తాకిన చోటనే తన పెదవులు పెట్టి, తొందర లేకుండా తాగింది. రెండో చెయ్యి ఎదురింటావిడ మణికట్టు మీదే ఉంది. గిన్నె ఆమె ముందుకు వచ్చింది. ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది. తాగింది.

బయటికి వచ్చాక చెప్పుల దగ్గర ఆవిడ మా అమ్మమ్మను ఎగాదిగా చూసి, "మీ మోకాళ్లు బాగానే ఉన్నాయి కదండీ అమ్మగారూ," అంది. "ప్రభువు దయ అమ్మా," అంది అమ్మమ్మ, ఇంటిదాకా చకచకా నడిచింది. ఆవిడ నెలన్నరపాటు మాతో మాట్లాడలేదు. అయితే సమాజం పెద్దే తాగాక మిగతావాళ్లకు ఇక మొహం తిప్పుకునే వీల్లేకపోయింది. బడి తెరిచాక పిన్ని ఎర్రటి మొహంతోనే వెళ్లింది. హెడ్మిస్ట్రెస్ గారు ఏదో అనబోయి, సంతకం చేసే రిజిస్టరు ముందుకు జరిపారట. వానలు కుదురుకునేసరికి కొత్త మందు పనిచేసింది, పొక్కులు పోయాయి, ఎరుపు చాలావరకు దిగింది. పూర్తిగా పోలేదు. పోదని డాక్టరు ముందే చెప్పాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నానికి వస్తాను. పిన్ని చాన్నాళ్లకు కిటికీలు తీయించి నిద్రపోయింది. నేను వసారాలో అమ్మమ్మ పక్కన చేరాను. నాకు ఆమె పెద్ద వీరురాలిలా కనిపిస్తోంది. డాక్టరు అంటుకోదని చెప్పాడు కదా, అందుకే నీకు భయం వెయ్యలేదు కదూ అని అడిగాను.

అమ్మమ్మ పిన్ని గదివైపు ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది, "భయం లేకపోవడమేంటే. ఆ డాక్టరు నోరు తిరగని పేరేదో చెప్పాడు, నాకు నమ్మకం కుదర్లేదు. అది పెద్దరోగమేననుకుంటున్నాను నేను. మీ పిన్నికి చెప్పమాకు."

నేను చెప్పలేదు. పిన్ని ఇప్పుడు బాపట్లలో ఉంటోంది, నవ్వుతూ పండుముసలి అవుతోంది, తన తల్లికి తన రోగం గురించి అంతా తెలుసనే నమ్ముతోంది. నలభై దాటాక నా బుగ్గలూ అలాగే ఎర్రబడ్డాయి. డాక్టరు ఒక్క చూపులో పోల్చి మందు రాసిచ్చాడు, పల్చగా రాసుకుంటున్నాను, కారం మాత్రం పూర్తిగా మానలేదు. అంటుకోదని ఇప్పుడు అందరికీ చెప్పగలను, చెబితే వింటారు, వచ్చి పక్కన కూర్చుంటారు. తెలిసి పక్కన కూర్చోవడంలో తప్పేమీ లేదు, మంచిదే. అమ్మమ్మ మాత్రం అంటుకోదని తెలియక, తెలియదని తెలిసే కూర్చుంది. నేను అంత మనిషిని కాలేదు. ఆసుపత్రిలో ఒక మంచం దగ్గరికో, చావు జరిగిన ఇంటికో, ఎవరూ వెళ్లని గుమ్మానికో వెళ్లాల్సి వచ్చినప్పుడు నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. ఒకటి మాత్రం నేర్చుకున్నాను. భయం పోయాక వెళదామని ఆగను. భయంతోనే వెళతాను.