ఉల్లంకుల మడి దగ్గర బేరం

కాశీబుగ్గలో మాది కిరాణా కొట్టు. బేరంలో కావలసిన సరుకు వైపు చూడకూడదని, చూసినా పెదవి విరవాలని పలక పట్టకముందే నాన్న నేర్పాడు. ఆ నాన్నే వజ్రపుకొత్తూరు వైపు నుంచి తిరిగొస్తూ, సాయంత్రాలు ఒక పల్లపు మడి దగ్గర సైకిలు ఆపేవాడు. మడిలో చీలమండ లోతు నీళ్ళు, వాటిలో ఉల్లంకులు. సముద్రపు ఒడ్డున తిరగాల్సిన పిట్టలు కొబ్బరితోటలు దాటి ఇంత లోపలికొచ్చి, పొడుగు ముక్కులతో బురద కెలుకుతుండేవి. వాటిని మాత్రం నాన్న తిన్నగా చూసేవాడు. ఎండుచేపల బుట్ట పక్కన క్యారేజీ మీద ఇరుక్కుని నేనూ చూసేవాణ్ణి.

ఇప్పుడు నాన్న లేడు. మొన్న కార్తీకంలో, గీచి గీచి బేరమాడి కొన్న పాత బైనాక్యులర్ మెడలో వేసుకుని ఆ మడి వెతుక్కుంటూ వెళ్ళాను. అవతలి గట్టు కింద ఓ పది ఉల్లంకులు ఉన్నాయి. అంతలో పార భుజానేసుకుని రైతు వచ్చాడు.

“ఏటి బాబూ సూత్తన్నావు?”

నా చూపు దానంతటదే కొబ్బరిచెట్ల మీదికి పోయింది. “ఏటుంది మావా సూడ్డానికి, బురదగుంట. దేనికి పనికొత్తాది?”

ఆయన మొహం చిన్నబోయింది. నన్ను భూమి కొనడానికొచ్చిన వాడనుకున్నాడు. “నీరుండబట్టి అలాగుంది గానీ కింద నేల సూడాల. ఉండు, తీసి సూపిత్తాను” అని వెళ్ళి గట్టుకి గండి కొట్టాడు. నీళ్ళు కాలవలోకి జారాయి. పిట్టలన్నీ లేచిపోయాయి.

వద్దనాలంటే అవి కావాలని ఒప్పుకోవాలి. గట్టు వెంట ఆయన దగ్గరికి నడిచాను.

“మావా, ఆపీ. నాకు పొలం వద్దు. ఆ పిట్టల కోసమొచ్చాను. మా నాన్న సైకిలాపి ఇక్కడే సూసీవోడు.”

పార ఆగింది. “ఎండుచేపల బుట్టాయనా? పొలం బేరానికొత్తాడు గానీ నోరిప్పడని మా అయ్య అనీవోడు.”

నవ్వుకుంటూనే బురద ముద్దలతో గండి పూడ్చాడు. పిట్టలు తోట మీద రెండు చుట్లు తిరిగి, ముందు రెండు, ఆ తర్వాత మిగతావీ దిగాయి. ఆయన నా బైనాక్యులర్ తీసుకుని చూస్తూ, తిరిగి ఇవ్వనే లేదు. నేను నాన్నలాగే ఉత్త కళ్ళతో చూశాను. వెలుగు తగ్గుతుంటే అడిగాను.

“ఈ నీరు ఇలాగే ఉంచీ మావా.”

“నీరు తీసి మినుములు జల్లొద్దేటి? పది రోజులుంచుతాను.”

“అలాగే” అన్నాను వెంటనే, పిట్టల మీంచి చూపు తిప్పకుండా. నాన్న వింటే తల బాదుకునేవాడు. నెల అని మొదలుపెట్టి ఉంటే ఇరవై రోజులకి తెగేది బేరం.