పల్లేరు కషాయం పారబోసిన మేడం

మా ఎదురింటి మేడం గుండె ఆగి పోయారని పొద్దున్నే ఆమె చెల్లెలు వచ్చి చెప్పింది. నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది. మా ఆయన రక్తపరీక్ష కాగితాలు ఇక ఎవరికి చూపించాలి?

రిటైరై సూళ్లూరుపేట రాకముందు ఆమె ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. పల్లేరు సారం ఎలుకల కిడ్నీలకు మేలు చేస్తుందేమోనని అక్కడ ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఏ మందు గురించి అడిగినా కళ్లజోడు పెట్టుకుని, సీసా మీది అక్షరాలన్నీ చదివాకే నోరు విప్పేవారు. తెలియనప్పుడు తెలియదనడానికి సిగ్గెందుకమ్మా అనేవారు.

మా ఆయన దర్జీ. నిరుడు ఆయన కాళ్లు వాచాయి. కిడ్నీలు దెబ్బతింటున్నాయని, మాత్రలు మానకూడదని నెల్లూరు డాక్టరు చెప్పారు. ఈయన మాత్రం మాత్రలు పక్కన పడేసి, పులికాట్ ఒడ్డు ఇసుకలో పల్లేరు కాయలు ఏరుకొచ్చి, కాచుకుని తాగడం మొదలుపెట్టారు. కొద్దిరోజులకే మొహం కూడా ఉబ్బింది. హడలిపోయి మేడంను పిలుచుకొచ్చాను.

కషాయం గిన్నె చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"మీ ఎలుకలకు తగ్గింది గదా మేడం, నాకెందుకు తగ్గదు?" అన్నారు ఈయన.

"కొంచెం తాగినవి కోలుకున్నాయి మస్తాన్. ఎక్కువ తాగినవాటికి కిడ్నీలు ఇంకా చెడిపోయినాయి. కోసి చూసింది నేనే. మనిషికి ఎంతయితే కొంచెమో నాకు తెలీదు."

గిన్నె తీసుకెళ్లి తూములో పారబోశారు. వెంటనే మమ్మల్ని కారెక్కించి నెల్లూరు తీసుకెళ్లారు. డాక్టరు కోప్పడి, మాత్రలు మార్చి రాసిచ్చారు. ఆనాటి నుంచి మేడం రోజూ వచ్చి, ఈయన మాత్ర మింగేదాకా గుమ్మంలోనే నిలబడేవారు.

మళ్లీ పరీక్షకు రైల్లో వెళ్లినప్పుడు కూడా మాతోనే వచ్చారు. డాక్టరు గది బయట బల్ల మీద కూర్చున్నాక నా చెయ్యి పట్టుకున్నారు. అన్నాళ్లూ ఆమె ధైర్యం చూసే నేను నిలబడ్డాను.

"నేను కషాయం వద్దన్నందువల్ల మనిషికి ఏమన్నా అయితే, రేష్మా?" అన్నారు మెల్లగా.

ఇంతలో మా ఇద్దరినీ లోపలికి పిలిచారు. వాపు దిగిందని, జబ్బు ముదరలేదని, డయాలసిస్ ఇప్పట్లో అక్కర్లేదని డాక్టరు అన్నారు. బయటికొచ్చి చెబితే మేడం తల ఊపారు, అంతే. తిరుగు రైల్లో నా చెయ్యి మళ్లీ పట్టుకున్నారు. గూడూరు దాటాక కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. సూళ్లూరుపేటలో నేను లేపేదాకా ఆ నిద్రలోనూ ఆమె పట్టు సడలలేదు.