సాంచా చెప్పే నంబరు

గుర్రప్పందేల మీద పదిహేనేళ్లు డబ్బు కాసిన సదానందం, పరుగెత్తే గుర్రాన్ని ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. అవి బొంబాయిలోనో పూనాలోనో పరుగెత్తేవి. ఏది గెలిచిందో సూరత్‌లో, లింబాయత్ గల్లీలోని రాజమల్లు పాన్ డబ్బాకు ఫోన్లో తెలిసేది. పందెం డబ్బు కట్టించుకునేదీ ఆ రాజమల్లే.

ఏ గుర్రం మీద కాయాలో మాత్రం సదానందానికి సాంచాలు చెప్పేవి. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేతవాళ్లకు పవర్‌లూమ్ అంటే సాంచానే. కార్ఖానాలో అతని చేతి కింద నంబర్లు వేసినవి ఎనిమిది ఉండేవి. రేసుల రోజు షిఫ్టు మొదలయ్యాక ఏ సాంచా ముందుగా పోగు తెంపుకుని ఆగిపోతే, ఆ నంబరు గుర్రం మీద కాసేవాడు. ఇదేం శాస్త్రమయ్యా అని ఎవరైనా నవ్వితే కోపం వచ్చేది. "నా సాంచా నాకు అబద్ధం చెప్తదా?" అనేవాడు. చెప్పేది, చాలాసార్లు చెప్పేది. ఎప్పుడో ఒకసారి తగిలిన గెలుపు మాత్రం అతని తలకెక్కి కూర్చునేది. పనిలో మంచివాడే, అది ఒప్పుకోవాలి. తెగిన పోగును పట్టి ముడివేయడంలో అంత చురుకైన చెయ్యి ఆ గల్లీలో ఇంకొకరికి లేదు. ఆ చేత్తోనే పగార్ డబ్బు తీసుకెళ్లి రాజమల్లుకు అప్పజెప్పేవాడు.

భార్య కరుణ ఖోలీలో, వాళ్లుండే ఆ ఒక్క గదిలోనే, కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అంటించేది. బిడ్డ నవత బడి ఫీజుకని ఆ డబ్బు బియ్యం డబ్బాలో దాచేది. అది రెండుసార్లు గుర్రాల పాలయింది. రెండోసారి ఆమె తిట్టలేదు, ఏడవలేదు. క్షమించిందనుకున్నాడు సదానందం. అతని తెలివి అంతవరకే.

2020 మే నెలలో, కరోనాకు అన్నీ మూతపడి కూలీల కోసం రైళ్లు వేసినప్పుడు కరుణ బిడ్డను తీసుకుని ఊరికి బయల్దేరింది. కార్ఖానా తెరిచేనాటికి తాను లేకపోతే పని పోతుందని అతను ఉండిపోయాడు. "ఆట బంద్ చేస్తెనే నేను మల్ల వస్త. ఒట్లు పెట్టకు, జర చేసి చూపియ్యి," అన్నది ఆమె, మూట ఎత్తుకుంటూ.

అప్పటికి రేసులన్నీ ఆగిపోయి ఉన్నాయి. కాయడానికి ఏమీ లేక కాయలేదు. అయినా ఆ సంగతి ఏదో నోము పట్టినట్టు ఫోన్లో చెప్పుకునేవాడు. ఒక్కడే వండుకుని, ఒక్కడే తినేవాడు. ఖోలీ నేల పగుళ్లలో ఆమె అంటించిన రాళ్లు మిగిలిపోయి ఉండేవి. మొదట్లో ఊడ్చేవాడు, తర్వాత ఊడ్చబుద్ధి కాలేదు. "బాపూ, క్యారే ఆవశో?" అని నవత గుజరాతీలో అడిగేది, ఎప్పుడొస్తావని. ఆ గొంతు విన్నాక అతనికి ముద్ద దిగేది కాదు.

చలికాలం వచ్చేసరికి కరుణ మనసు కరిగింది. వస్తానంది. అతను టికెట్లు తీశాడు, ఖోలీకి సున్నం వేశాడు. సరిగ్గా అప్పుడే జనం లేకుండా రేసులు మళ్లీ మొదలయ్యాయి. ఆదివారం పొద్దున ఆరో నంబరు సాంచా ఆగింది. అతను పోగు ముడివేసి, పళ్లు బిగించి రోజంతా నిలబడ్డాడు. రాజమల్లు దగ్గరికి వెళ్లలేదు. సాయంత్రం రాజమల్లే ఫోన్ చేసి, ఆరో నంబరే గెలిచిందని చెప్పాడు.

వెంటనే కరుణకు ఫోన్ చేశాడు. "నేను ఆడలేదు కరుణా, నీ మాట నిలబెట్టిన. గని ఆరో నంబరే గెలిచింది. పన్నెండు వేలు పోయినయి."

"ఆడకపోతె ఎట్ల పోయినయి?"

అతను పన్నెండు వేల లెక్క మళ్లీ మొదటి నుంచి చెప్పబోయాడు.

"మనయి కాని పైసలకు గింత గోస పడుతున్నవు. రేపు మేము వచ్చినంక, మా వల్లనే పోయినయంటవు," అన్నది ఆమె నెమ్మదిగా. "ఏ గుర్రం గెలిచిందో నీకు తెల్వని ఆదివారం వస్తె ఫోన్ చెయ్యి. అప్పుడు వస్త."

తీసిన టికెట్లు అతనే రద్దు చేయించాడు.

కాయకుండా ఉండటం ఒక ఎత్తు, తెలుసుకోకుండా ఉండటం ఇంకో ఎత్తు. ఆదివారాలు ఫోన్ ఆపేసేవాడు. పాన్ డబ్బా ఎదురు పడకుండా చుట్టు తిరిగి ఇల్లు చేరేవాడు. గుర్రాల మీద బెంగ కూడా బెంగే, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. పెళ్లాం మీద బెంగ, పందెం మీద బెంగ కలిసి అతన్ని చెరోవైపు గుంజేవి. చివరికొక రోజు సాంచాల మీది నంబర్లన్నిటికీ గ్రీజు పూసేశాడు. కార్ఖానా సేఠ్ నానా మాటలన్నాడు. ఆ తర్వాత ఆగిన సాంచా వట్టి ఆగిన సాంచాయే అయింది. పోగు ముడివేసి పక్కదాని దగ్గరికి నడిచేవాడు.

మరుసటి ఏప్రిల్‌లో ఒక ఆదివారం అన్నం వండుకుంటూ ఉండగా అతనికొక సంగతి తట్టింది. గంజి వార్చడం వదిలేసి, ఆపి ఉన్న ఫోన్ తెరిచి కరుణకు చేశాడు.

"ఇయ్యాల ఏ గుర్రం గెలిచిందో నాకు తెల్వదు కరుణా. పోయిన వారంది గూడ తెల్వదు."

"రేసులే లేవు. రోగం మల్ల ఎక్కువైందని బంద్ పెట్టిండ్రు. నిజంగనే తెల్వదా నీకు?"

"తెల్వదు. నీకెట్ల తెలుసు?"

"తమ్ముని ఫోన్ల వారం వారం చూస్తున్న," అన్నది ఆమె. "నువ్వు ఎప్పుడు మరుస్తవో అని. టికెట్ తియ్యి, వస్తం."

పదకొండు నెలలుగా అతను ఆ మాట కోసమే బతికాడు. తీరా అది చెవిన పడ్డాక అతని చూపు గుమ్మం బయటికి వెళ్లింది. పక్క ఖోలీకి తాళం ఉంది. అందులో ఉండే మొండయ్యను వారం కింద దవాఖానకు తీసుకెళ్లారు, మళ్లీ తీసుకురాలేదు.

"ఇప్పుడు వద్దే. పోరిని తీస్కొని రైలెక్కకు," అన్నాడు.

"ఎంతమంది వస్తలేరు? అందరికి అయితదా? మాకేం కాదు."

మనకేం కాదన్న ధీమాతోనే పదిహేనేళ్లు పందేలు కాశాడు సదానందం. ఇప్పుడు ఆ మాట కరుణ నోట విన్నాడు.

"వద్దు. నేను పిలిచేదాంక రావద్దు."

ఆమె ఏడ్చింది. ఇన్నాళ్లకు అతనికి వినబడేలా ఏడ్చింది. "ఎప్పుడు పిలుస్తవో అదన్న చెప్పు," అన్నది.

సదానందం ఏ తేదీ మీదా కాయలేదు.