అడుగు చదునైన బోటు

విజయవాడ నుంచి అవనిగడ్డ వెళ్లే బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చుంది. కిటికీలోంచి కృష్ణ కనబడగానే, నేనడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"మోటారు బోటు కొనేటప్పుడు రెండు చూశామండీ. అడుగు కోసుగా ఉన్నది ఎక్కగానే అటూ ఇటూ ఊగింది. నేను భయపడ్డానని మా ఆయన అడుగు చదునుగా ఉన్నదే తీసుకున్నారు. ఏట్లో అసలు ఊగేదే కాదు."

"తర్వాత?"

ఆమె అరచేత్తో సీటు మీద ఫట్‌మని కొట్టింది.

"ఏరు సముద్రంలో కలిసేచోట అలలకి ఇలా ఎగిరెగిరి పడిందండీ. కోసుదైతే అలని చీల్చుకుని పోయేదంట. ఆయన నడుం విరిగింది. ఇప్పటికీ మంచం మీదే."

"మీ తప్పేముందండీ?" అన్నాను.

"ఆయనా అదే అంటారు. ఒక్కసారి తిట్టినా బాగుండేది."

తన ఊరు రాగానే దిగిపోయింది. ఇప్పటికీ ఎవరినైనా ఓదార్చబోతే 'మీ తప్పేముంది' అన్న మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.